చివరి మడి

కోడి కూసినా విసుక్కునే జగపతిరావు తాత, ఊరి రొద పడక బోథ్ ఊరికి మూడు మైళ్ల దూరంలో ఇల్లు కట్టుకున్నాడు.

ఈరోజు సాయంత్రం ఐదింటితో మనవరాలు రుచిత కాలేజీ సీటు దరఖాస్తుకు గడువు ముగుస్తుంది. ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌లో దరఖాస్తు పేజీ తెరుచుకోక గిరగిర తిరుగుతూనే ఉంది. లైన్‌మన్ ముకర్రం వచ్చేసరికి నాలుగున్నర.

"తీగ దూరం పోయినకొద్దీ స్పీడు ఇంకిపోతది దొరా. చివరి మడికి నీళ్లెట్లొస్తయో మీకెరుకే గద."

ఎరుకే. కాలువకు అడ్డుకట్ట వేసి, చివరి మడిలోని ముకర్రం తండ్రి వరిని ఎండబెట్టింది తాతే.

"జర ఏదన్న చెయ్యి బిడ్డా."

"మా అబ్బాజాన్ నీళ్లడిగితే, 'మడి దూరమున్నది, నేనేం జెయ్యాలె' అన్నరు మీరు. గిదీ గంతే."

ఐదయింది. రుచిత సీటు పోయింది. ఆమె ఏడుపు వినలేక, తాత మొదటిసారి ఊరి రొద కోసం చెవి రిక్కించాడు. అంత దూరం అదీ రాలేదు.