చెయ్యి దాచుకునే చోటు

సామాన్లవాళ్ళు బీరువాని మూడో అంతస్తుకి ఎక్కించలేక ఆపసోపాలు పడుతుంటే, నిదానం ఫ్లాటంతా తిరిగి తలుపులు చూసుకున్నాడు. వీధి తలుపు, పడగ్గది తలుపు, స్నానాలగది తలుపు. అంతే. హాలుకీ వంటింటికీ మధ్య గోడైనా లేదు, నడుమెత్తు గట్టొకటి కట్టి అదే వంటిల్లన్నారు. పడగ్గది భార్యకీ కూతురికీ. హాల్లో ఒక పక్క నాన్న మంచం, ఇంకో పక్క తన చాప. వెలుతురు బాగా వస్తోందని భార్య మురిసిపోయింది. అతను మాత్రం తలుపులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఈ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరి కంట పడతాడు.

నిదానం అన్నది గిరాకీలు పెట్టిన పేరు. సెలూన్లో పక్క కుర్చీ అతను ఇద్దరు ముగ్గురిని పంపించేలోగా ఇతను ఒక్కరి గడ్డం గీస్తాడు. తొందరున్నవాళ్ళు పక్క కుర్చీకి పోతారు. లేనివాళ్ళు నిదానమే ప్రధానమని ఇతని కోసమే కాచుకుంటారు. వాళ్ళ నమ్మకం మీదే ఇల్లు గడుస్తోంది. పని నేర్పింది నాన్నే. పక్షవాతంతో మాట పడిపోకముందు ఆయన ఒక సంగతి పదేపదే చెప్పేవాడు. "గడ్డం ఎత్తమని గిరాకీని అడక్కూడదురా. చెంపలు నున్నగా గీస్తే, మెడ దగ్గరికొచ్చేసరికి వాడే ఎత్తుతాడు. ఎత్తలేదంటే తప్పు నీ చేతిది."

ఇప్పుడు రోగం వచ్చింది ఆ చేతికే. పనిలో ఉన్నంతసేపూ దానికి ఏ లోపమూ లేదు. కత్తి చర్మానికి ఆనిందంటే రాయిలా నిలుస్తుంది. పని ఆపి ఒళ్ళో పెట్టుకుంటే మాత్రం, బొటనవేలూ చూపుడువేలూ దారం పేనుతున్నట్టు వాటంతటవే ఆడతాయి. ఆపుదామని చూస్తే ఇంకా ఆడతాయి. మొదట్లో నీరసం అనుకున్నాడు. తర్వాత అలా అనుకోవడం మానేసి దాచడం మొదలుపెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే దానికో పేరు పెడతాడు. ఆ పేరు ఎలాగోలా సెలూన్ యజమాని చెవిన పడుతుంది. వేళ్ళు వణికేవాడి కత్తి కింద మెడ పెట్టే మొనగాడు ఎవడుంటాడు?

పాత ఇంట్లో దాచడం కష్టం కాలేదు. అది అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. వెనకవైపు విరిగిన కుర్చీలూ పాత పెట్టెలూ పడేసిన గది ఒకటుండేది. పని నుంచి రాగానే అందులో దూరి, తలుపు దగ్గరగా వేసుకుని, చేతిని దాని ఇష్టానికి వదిలేసేవాడు. మీ ఆయన ఆ చీకట్లో ఏం చేస్తుంటాడని తోడికోడలు అడిగితే, అలిసిపోయి కూర్చుంటాడులే అనేది భార్య. సెలవు రోజున నాన్నకి గడ్డం గీసేది కూడా ఆయన గదిలోనే, ఇద్దరే ఉన్నప్పుడు. అన్నయ్య ఇల్లు అమ్మేద్దామన్ననాడు ఎవరికి వారు తమ వాటా గురించి బెంగపెట్టుకుంటే, ఇతను ఆ చెత్తగది కోసం బెంగపెట్టుకున్నాడు. పైకి చెప్పుకునే బెంగ కూడా కాదాయె.

ఫ్లాట్‌లోకి వచ్చాక అతనికి తోచిన దారి ఒకటే, చేతిని ఖాళీగా ఉంచకపోవడం. పొద్దున లేస్తూనే చీపురు పట్టాడు. ఉల్లిపాయలు తరిగాడు. బట్టలు మడతపెట్టాడు, అవి అయిపోతే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. మా ఆయన కూడా మీవారిని చూసి నేర్చుకుంటే బాగుండునని పక్క ఫ్లాట్ ఆవిడ తెగ మెచ్చుకుంది. భార్యకి ఆ మెప్పు మింగుడుపడలేదు. ఇన్నేళ్ళలో మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకుని తాగని మగాడు ఉన్నట్టుండి గిన్నెలు తోముతుంటే ఏ ఇల్లాలు నమ్ముతుంది?

"ఏమయ్యా, ఎక్కడో ఏదో వెలగబెట్టావు. అదేంటో చెప్పెయ్, గిన్నెలు నేను తోముకుంటాను" అంది.

కూతురు పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు గానీ గిన్నె వదల్లేదు. వదిలితే చెయ్యి ఖాళీ అవుతుంది.

టీ తాగేటప్పుడు కుడిచేతిని తొడ కింద అదిమిపెట్టుకుని ఎడంచేత్తో గ్లాసు పట్టుకునేవాడు. స్నానాలగదిలో కాస్త ఎక్కువసేపు కూర్చుంటే ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. అలా ఇంట్లో పుట్టిన భయం సెలూన్ దాకా వెంటబడింది. ఒకరోజు బస్సు కండక్టరు, ఏళ్ళ తరబడి వచ్చే గిరాకీ, చెంపలు గీయడం పూర్తయినా గడ్డం ఎత్తలేదు. అద్దంలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు. ఇందాక నురుగు కలిపేముందు నిదానం చెయ్యి క్షణంసేపు ఊరికే వేలాడింది. అప్పుడు చూసేశాడా? ఆయన ఏ ఆలోచనలో ఉన్నాడో ఏమో, కాసేపటికి ఎత్తాడు. ఆ కాసేపట్లో ఇతని పై ప్రాణాలు పైనే పోయాయి.

సెలవు రోజు రానే వచ్చింది. నాన్న గడ్డం వచ్చేవారం చూద్దాంలే అని తప్పించుకోబోతే, మామగారు దురద భరించలేకపోతున్నారని భార్య ఊరుకోలేదు. నిజమే, నాన్న బాగున్న చేత్తో గడ్డం గోక్కుంటూనే ఉన్నాడు. చేసేదిలేక ఆయన్ని దిండ్లకి ఆనించి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి, నురుగు పట్టించి మొదలుపెట్టాడు. గట్టు అవతల భార్య, కిటికీ దగ్గర పుస్తకంతో కూతురు. చెంపలు రెండూ నున్నగా వచ్చాయి. ఇక మెడ మిగిలింది. మగ్గులో నీళ్ళు చల్లారిపోయాయని, ఉండు, వేడివి ఇస్తానని భార్య వచ్చి మగ్గు పట్టుకుపోయింది.

అతను కత్తి పక్కన పెట్టాడు. అంతలోనే పొరపాటు తెలిసింది. తుడుద్దామంటే తువ్వాలు నాన్న మెడకి ఉంది. కలుపుదామంటే మగ్గు లేదు. చెయ్యి మోకాలి మీద ఖాళీగా పడి ఉంది. వేళ్ళు కదిలాయి. లేచి వెనకగదిలోకి వెళ్దామనుకున్నాడు. వెనకగది లేదు.

"నాన్నా, నీ చెయ్యి..." అంది కూతురు.

భార్య మగ్గుతో ఇటు తిరిగి అక్కడే ఆగిపోయింది. అందరూ చూస్తున్నకొద్దీ వేళ్ళు ఎక్కువగా ఆడాయి.

"ఎన్నాళ్ళనుంచి?"

"అక్కడున్నప్పటినుంచే."

"ఆ గదిలో కూర్చునేది ఇందుకా?"

అతను తలూపాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె మొహంలో కోపం లేదు, భయం ఉంది. అది చూసి అతని భయం రెండింతలైంది.

"చెప్తే కత్తి పెట్టెయ్యమంటావు" అన్నాడు. "పెట్టేస్తే మనం ఏం తింటాం?"

ఆమె కత్తి వైపు చూసింది, తర్వాత మామగారి మెడ వైపు చూసింది. ఆ చూపు అతనికి అర్థమైంది. సెలూన్లో ఏనాడో ఒకనాడు ఎవరో ఒకరు చూస్తారని ఇన్నాళ్ళూ భయపడింది ఆ చూపుకే. అది సొంత ఇంట్లో, భార్య కళ్ళలో ఎదురైంది.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం. ఇవాళ్టికి ఇది చాలు" అంటూ ఆమె వచ్చి, తువ్వాలు అంచుతో మామగారి మెడ మీది నురుగు తుడవబోయింది.

నాన్న బాగున్న చేత్తో ఆ తువ్వాలు పక్కకి నెట్టాడు. కొడుకు చేతిని చూశాడు. ఈ సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసిందో, పాత ఇంట్లోనే తెలుసో, చెప్పడానికి నోట మాట లేదు. తల దిండుకి ఆనించి మెల్లగా గడ్డం ఎత్తాడు.

ఎవరూ ఎత్తమని అడగలేదు.

నిదానం కత్తి తీసుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ ఇంత భయపడలేదు. కత్తి ఆనగానే చెయ్యి నిలిచింది. ఎప్పటికన్నా నిదానంగా గీశాడు. పూర్తయ్యేదాకా భార్య మగ్గు పట్టుకుని నిలబడే ఉంది. మగ్గులో నీళ్ళు వణకడం అతను చూశాడు.

చివరికి మెడ తుడిచి, కత్తి కడిగి, మంచం అంచున కూర్చున్నాడు. వేళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. డాక్టరు ఏమంటాడో, యజమాని ఏమంటాడో, కత్తి పడితే చెయ్యి ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో, ఏదీ తెలియదు. మూలనున్న చీపురు కనబడింది గానీ లేవలేదు. చెయ్యి ఒళ్ళోనే ఉంచుకుని కూర్చున్నాడు.