చెయ్యెత్తేవాళ్ళు లేని రోడ్డు

మొన్న ఫోన్లో అడిగారు కదా, మా పంచలో గోడకు ఆనించి ఉన్న సోఫాకు కాళ్ళెందుకు లేవని. అది సోఫా కాదు పిల్లలూ, ఒక చిన్న కారు వెనక సీటు. బరువు తగ్గాలని మీ తాత దాన్ని విప్పి బయట పెట్టాడు. తర్వాత మళ్ళీ బిగిస్తానంటే నేను ఒప్పుకోలేదు. కూర్చుని కందిబేడలు ఏరుకోవడానికి అంత మెత్తటి చోటు ఇంట్లో ఇంకోటి లేదు.

బరువెందుకు తగ్గించాలని ఎలాగూ అడుగుతారు. మొదటి నుంచీ చెబుతాను.

మీ తాత ఎర్రబస్సు డ్రైవరు. ఎక్కువ కాలం కదిరి నుంచి తనకల్లు వైపు తిరిగాడు. ఆ దారిలో స్టాపులు పేరుకే. గొర్రెలు కాసే మనిషి గట్టు మీద నుంచి చెయ్యెత్తినా, చెనిక్కాయ చేలో పని ముగించుకున్న ఆడవాళ్ళు కొంగు ఊపినా ఆపేసేవాడు. బస్సు కాస్త వేగం అందుకునేలోపు ఇంకో చెయ్యి లేచేది. రిటైరైన రోజు మెడలో పూలదండ తీసి మేకుకు తగిలిస్తూ నాతో ఒక మాట అన్నాడు.

"ఒక్క తూరన్నా చెయ్యెత్తేవాళ్ళు లేని రోడ్డు మీద, బండికి ఎంత శక్తి ఉంటే అంతా వాడి పోవల్లని ఉండాదే."

అలాంటి రోడ్డు యాడుందయ్యా అని అడిగితే ఆకాశం వైపు చూపించాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆకాశంలో కాదు, మద్రాసు దగ్గరే ఉందని చెప్పింది మీ అమ్మ. అప్పటికి దానికి పెళ్ళి కాలేదు, బెంగళూరులో ఉద్యోగం. అక్కడ రేసులు పెట్టే ట్రాకు ఒకటి ఉందట. రేసులు లేని కొన్ని రోజుల్లో రుసుం కట్టిన మామూలు మనుషులు సొంత కారు తెచ్చుకుని తిరగొచ్చట. గెలవడం, ఓడడం ఉండదు. కారు మాత్రం గట్టిగా ఉండాలి, వాళ్ళు పరీక్ష చేసి సరేనంటేనే లోపలికి పంపుతారు. మీ అమ్మ ఆఫీసువాళ్ళు కొందరు పోయి వచ్చారట.

మీ తాతకు ఇక వేరే ధ్యాస లేదు. పాత కారు ఒకటి చూద్దామన్నాడు. చూడడానికి నేనూ వస్తానన్నాను. ఏం చూడాలో మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంజిను పెద్దదా చిన్నదా అని కాదు, బరువు తక్కువ ఉండాలి. బ్రేకులు, టైర్లు బాగుండాలి. కాళ్ళ కింద పట్టా ఎత్తి నేల తుప్పు పట్టిందేమో చూడాలి. మీ తాత దానికి తన షరతు ఒకటి కలిపాడు.

"ఊరంతా తిరిగే బండే కావల్ల. దోవలో నిలబడిపోతే పక్క బండోని కాడ సామాను దొరకల్ల మనకు."

మొదట గుత్తికి పోయాం. అక్కడ ఒక పెద్ద డీజిలు కారు. కారు చుట్టూ తిరుగుతూ ఎన్ని మూటలు మోసిందో ఆ యజమాని గొప్పగా చెప్పాడు. మన వైపు ఎవరు కారు కొన్నా అడిగే మొదటి మాట అదే కాబట్టి నాకు బాగానే తోచింది. మీ తాత రోడ్డు చివరిదాకా నడిపి, బ్రేకు వేసి, తిరిగి వచ్చి తాళం చెవి ఇచ్చేశాడు. బయటికి వచ్చాక గొణిగాడు, "ఇదీ బస్సే. మళ్ళా బస్సే తోలేదానికి నేను రిటైరు కావల్లనా?"

రెండోది ధర్మవరంలో, పట్టుచీరల వ్యాపారిది. దాని మీద నా మనసు పడింది. మఖమల్ సీట్లు, పాటలు, చల్లటి గాలి. మే నెల ఎండలో ఆ గాలి మొహానికి తగులుతుంటే దిగబుద్ధి కాలేదు. మీ తాత మాత్రం కిందికి దిగి టైరు మీద గోరుతో నొక్కి చూస్తున్నాడు. కారు ఎక్కువగా షెడ్డులోనే ఉండిపోయిందట. టైర్ల మీద గీతలు అరగలేదు గానీ రబ్బరు ఎండి పాత చెప్పు అట్టలాగా పగుళ్ళు ఇచ్చింది. ఎత్తు ఎక్కిస్తే ఇంజిను వేడి చూపే ముల్లు కూడా పైకి ఎక్కింది. వద్దన్నాడు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

మూడోది బుక్కరాయసముద్రంలో, రిటైరైన ఒక బడి అయివారిది. రంగు వెలిసిన చిన్న పెట్రోలు కారు. దాన్ని చూసి, ధర్మవరం కారు తలచుకుని, నాకు ఏడుపొచ్చినంత పని అయింది. మీ తాత పట్టాలు ఎత్తి, టార్చి వేసి, కిందికి దూరి చూశాడు. దుమ్ము తప్ప తుప్పు చుక్క కూడా లేదు. మట్టి కొట్టుకున్న మొహంతో బయటికి వచ్చి అన్నాడు.

"వాన రాక మన చేన్లన్నీ పాయ గానీ, దీనికి మాత్రం మేలే జరిగిండాది."

ఆ ఏడు చెరువు ఎండిపోయి ఉంది. కారును అందులోకి దించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేగంగా పోవడం, గట్టిగా బ్రేకు వేయడం, మళ్ళీ పోవడం, మళ్ళీ వేయడం. ఆగినప్పుడల్లా దిగి నేల మీద పడిన చారలు చూసేవాడు. రెండు చారలూ తిన్నగా, ఒకటే పొడుగున ఉండాలట. బ్రేకు వేడెక్కి మెత్తబడుతుందేమో అదీ చూడాలట. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడిన అయివారు ఇక ఉండబట్టలేక కేక వేశాడు, "ఏమప్పా, కొంటావా చంపుతావా దాన్ని?"

కొన్నాం. కొత్త టైర్లు, కొత్త బ్రేకు నూనె, బ్యాటరీ కదలకుండా ఒక ఇనుప పట్టీ. వెనక సీటు పంచలోకి వచ్చింది. ఎక్కడా ఏ లోటూ లేదనుకున్నాం.

మద్రాసు దారిలో ఎండే. బెంగళూరు నుంచి బస్సులో వచ్చిన మీ అమ్మ ట్రాకు దగ్గర మమ్మల్ని కలిసింది. వరుసలో నిలబడ్డాక చినుకులు మొదలయ్యాయి. నాకైతే సంతోషం వేసింది, మొహం ఎత్తి తడుపుకున్నాను. పరీక్ష చేసే ఆయన కారంతా తట్టి చూశాడు. లోపల విడిగా ఏమీ ఉండకూడదని అద్దం ముందున్న చిన్న వినాయకుణ్ణి తీసి నా చేతికిచ్చాడు. చివరికి అద్దం తుడిచే వైపరు పట్టుకుని ఎత్తాడు. రబ్బరు వడియంలా విరిగి ఆయన చేతిలోకి వచ్చింది. రెండోది కూడా అంతే.

అన్నీ చూశాం పిల్లలూ. గోరుతో నొక్కి, చారలు చూసి, కిందికి దూరి మరీ చూశాం. వానను గురించి మాత్రం మాకెవరికీ గుర్తు రాలేదు. అయివారికీ గుర్తు రాలేదు. మీ అమ్మ అరవంలో ఆయన్ను బతిమాలింది. వానలో ఇది లేకుండా పంపడం కుదరదని ఆయన మెల్లగానే చెప్పాడు. మీ తాత హెల్మెట్టు తీసి బానెట్టు మీద పెట్టి, ట్రాకు వైపు చూస్తూ నిలబడ్డాడు. అంత దూరం వచ్చి వెనక్కి పోవాలా అనుకున్నాను.

మా వెనక వరుసలో ఉన్నది కూడా మాలాంటి కారే, పసుపు రంగుది. దాని యజమాని కోయంబత్తూరు వైపు బట్టల కొట్టు ఆయన, భారీ మనిషి. మీ అమ్మ చెప్పేది విన్నట్టున్నాడు. ఏమీ అనకుండా తన కారు వైపర్లు రెండూ ఊడదీసి తెచ్చి మా కారుకు తగిలించాడు. సరిగ్గా సరిపోయాయి. మీ తాత తిరిగి వచ్చాక తన వంతు చూసుకుంటానని సైగ చేశాడు. మీ తాత నావైపు తిరిగి, "పక్క బండోడు," అన్నాడు. అంతే.

వినాయకుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కంచె దగ్గర నేను, గొడుగు పట్టి మీ అమ్మ. మొదటి చుట్టు నెమ్మదిగా తిరిగాడు. రెండో చుట్టులో తిన్నని రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ చిన్న కారు గొంతు మారిపోయింది. నీళ్ళు రెండు వైపులా లేచాయి. మీ అమ్మ నా భుజం పట్టుకుని గెంతుతోంది. అంతలో, మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే, వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. కారు కాస్త తగ్గి, మళ్ళీ అందుకుంది. మూడో చుట్టులోనూ అక్కడే, ఆ తర్వాతా అక్కడే. మిగతా కార్లేవీ అక్కడ తగ్గలేదు. అక్కడ కంచె, దాని అవతల గడ్డి, ఇంకేమీ లేదు.

దిగి వచ్చేసరికి హెల్మెట్టు కింద మొహమంతా నవ్వే.

"పోయినావా అయ్యా?"

"నిండా పోయినానే," అన్నాడు. అని వైపర్లు జాగ్రత్తగా విప్పి, తన తువ్వాలుతో తుడిచి, పసుపు కారు దగ్గరికి నడిచాడు.

ఆ చోట ఎందుకు తగ్గావని తిరుగు దారిలో అడిగాను, టీ తాగుదామన్నాడు. తర్వాత ఎన్నో సాయంకాలాలు ఈ సీటు మీదే పక్కపక్కన కూర్చుని, మాట మధ్యలో ఏమీ ఎరగనట్టు అడిగాను. నా చేట లాక్కుని తాను బేడలు ఏరేవాడు. ఇప్పుడు ఆ పక్క ఖాళీగా ఉన్నా, అప్పుడప్పుడు పైకే అడుగుతాను.

ఆడ నీకు చెయ్యెత్తింది ఎవరయ్యా?