నవాబు ఇజాజత్ ఇవ్వని రోజు

ఖైసర్ ఇజాజత్ లేకుండా ఏ పనీ చేయడు. ఇజాజత్ అంటే అనుమతి. మనుషులను అడిగితే మర్యాదస్తుడని ఊరుకునేవాళ్లు. ఆయన కుర్చీని అడిగి కూర్చుంటాడు, తలుపును అడిగి తోస్తాడు. ఆరాంఘర్‌లో బస్సు మెట్టు ముందు నిలబడి "ఎక్కొచ్చునా?" అంటే, కండక్టర్ "ఎక్కుతవా, దరఖాస్తు రాస్తవా?" అని అరిచి రైట్ చెప్పేస్తాడు. అందుకే ఖైసర్ రోజూ రెండో బస్సుకే వస్తాడు.

రావిర్యాల దగ్గరి అడవిపక్షుల కేంద్రంలో ఆయన కోళ్లను చూసుకుంటాడు. ఊరి కోళ్లు కావు. మెడ మీద పసుపు చుక్కలు చల్లినట్టుండే బూడిదరంగు అడవికోళ్లు. ఊరికోళ్లతో కలిసి ఆ జాతి పలచబడిపోతోందని, మేలైన పుంజుల వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాస్తారక్కడ. ఎన్నేళ్లకైనా కరిగించి పెట్టలకు ఎక్కించవచ్చు.

గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ మాధవీలత ఆయన్ని మొదటిసారి చూసింది ఓ మంచు ఉదయాన. దగ్గర్లోని విమానాశ్రయంలో విమానాలు దీపాలు వెలిగించుకుని మంచులోంచి కలలా దిగుతున్నాయి. మూత తీసిన నత్రజని డబ్బాలోంచి తెల్లటి ఆవిరి నేలంతా పాకుతోంది. పాదాలు ఆ మబ్బులో మునిగిపోగా, ఖైసర్ చేతులు కట్టుకుని ఒక ముసలి పుంజు ముందు నిలబడి ఉన్నాడు.

"నవాబ్ సాబ్, ఇజాజత్ ఉన్నదా?"

"ఎవరినండీ అడుగుతున్నారు?"

"పుంజునే మేడం. వీపు ఆయనది గద."

"అది ఎలా చెబుతుందండీ?"

"చేతిల గింజలు తింటే సరేనన్నట్టు. మెడమీద ఈకలు లేపితే వద్దన్నట్టు."

నవాబు గింజలు తిన్నాడు. ఖైసర్ వీపు నుంచి తోక దాకా మెత్తగా నిమిరితే గాజు గరాటాలో రెండు చుక్కలు రాలాయి. అంతలో నెత్తి మీద విమానం ఉరిమింది. పక్షులన్నీ ముడుచుకున్నాయి. ఖైసర్ ఆకాశంవైపు చెయ్యెత్తాడు. "పో బిడ్డా, ఇచ్చిన."

తర్వాత ఆమె వైపు తిరిగి వివరించాడు. "వాళ్లు అడగరు మేడం. మనమే ఇచ్చెయ్యాలె."

ఆయన భార్య సురయ్యా ఒకరోజు మరిచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చి, మాధవీలతతో మొరపెట్టుకుంది. "నికా అయి ఇరవై ఏండ్లాయె మేడం. ఇంకో రొట్టె తినొచ్చునా అని ఇప్పటికీ అడుగుతడు. నేను ఫోన్ల ఉంటే ఆకలితోనే లేస్తడు!"

మాధవీలత నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే. నవాబుకు వయసైపోయింది. ఆ వంశానికి అదొక్కటే మిగిలింది. ఆమె రెండుసార్లు దాని వీర్యాన్ని గడ్డకట్టించి, కరిగించి చూస్తే సూక్ష్మదర్శినిలో ఒక్క కణమూ కదల్లేదు. ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. మూడో ప్రయత్నం పైఅధికారుల ఎదుట జరగాలని డైరెక్టర్ గోవర్ధన్ ముహూర్తం పెట్టేశాడు.

ఆ రోజు అధికారులు వరసగా నిలబడ్డారు. ఖైసర్ పుంజు ముందు వంగాడు, లేచాడు.

"ఇజాజత్ ఇస్తలేడు సార్."

"ఏంది? కోడి ఒప్పుకోలేదని రిజిస్టర్ల రాయాల్నా?" గోవర్ధన్ మండిపడ్డాడు.

"రాయుండ్రి సార్. నా పేరు గూడ రాయుండ్రి."

అధికారులు పగలబడి నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయారు. గోవర్ధన్ ఖైసర్‌ను అరగంట తిట్టాడు. ఆయన తల వంచుకుని విన్నాడు. అది అయ్యాక మాధవీలత మొదలుపెట్టింది.

"అందరి ముందూ నా పరువు తీశారు కదండీ!"

"నవాబ్ సాబ్ పొద్దుగాలనే ఒప్పుకున్నడు మేడం." ఖైసర్ గొంతు తగ్గించాడు. "మీ చెయ్యే ఒప్పుకుంటలేదు."

ఆమె తన చేతిని చూసుకుంది. చిటికెన వేలు నుంచి మణికట్టు దాకా వణుకుతోంది. ఎప్పటినుంచి వణుకుతోందో ఆమెకే తెలియదు.

"ఇయ్యాల గూడ చెడిపోతే మిమ్మల్నంటరు. కోడి మీద ఏస్తే నవ్వి పోతరు. జర ఇంటికి పోయి పండుకోండ్రి. నవాబ్ సాబ్ యాడికి పోడు."

ఆమె రెండు రోజులు నిద్రపోయింది. మూడోనాటి పొద్దున, ఎవరూ చూడని వేళ, ఇద్దరే ఆ పని కానిచ్చారు. మర్నాడు గొట్టం కరిగించి సూక్ష్మదర్శినిలో చూసింది. మొదట ఏమీ లేదు. తర్వాత ఒకటి తోక ఆడించింది. ఆ వెనక పది. చూస్తుండగానే బాలాపూర్ లడ్డూ వేలానికి వచ్చిన జనంలా తోసుకున్నాయి.

పదిహేనేళ్లుగా అక్కడ పనిచేస్తున్నా ఖైసర్ ఆ అద్దంలోకి ఎన్నడూ చూడలేదు. మాధవీలత స్టూలు లాగి, ఆయన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టింది. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఎంత తొందరో వీళ్లకు! యాడికి పోతున్నరు మేడం?"

"అడవికండీ," అందామె.

ఆ ఎండాకాలంలో వాళ్లలో ఇద్దరు గుడ్లదాకా చేరుకున్నారు. తడి రెక్కలతో గుడ్డు పగలగొట్టుకొచ్చిన ఆ రెండు పిల్లల్లో ఒకటి లేస్తూనే ఖైసర్ వేలిని కసిగా పొడిచింది.

"అబ్బో, గుస్సా!" అన్నాడాయన, ఆ వేలిని అక్కడే ఉంచి.