షేర్లకు వినిపించని చెవి

“బావా, నీకు చెవుడా, మేం బాగుపడితే కడుపుమంటా?” అని నిండు బ్యాంకులో అప్పుల కౌంటరు గుమాస్తాను నిలదీశాడు అతని బావమరిది, దర్జీ.

అడగడా మరి? పక్క కౌంటర్లో చిల్లర జారితే ఆ గుమాస్తాకు వినిపిస్తుంది. షేర్ల కోసం అప్పు అంటే మాత్రం రెండు చెవులూ మూతపడతాయి. అంతకుముందు ఒక రిటైరైన డ్రైవరు “నా డబ్బంతా పెట్టి, పైన అప్పు చేసి షేర్లాడతా” అని రెండుసార్లు అరిచి, మూడోసారి తన మాట తనకే వినిపించి, ఫిక్సెడ్ డిపాజిట్ చేసి వెళ్లిపోయాడు.

దర్జీ ముందు గుసగుసగానే చెప్పాడు.

“ఏంటీ?”

కాస్త గొంతు పెంచాడు.

“ఫ్యాను చప్పుడురా, గట్టిగా చెప్పు.”

ఫ్యాను తిరగడం లేదు. దర్జీకి చిర్రెత్తింది. “మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి షేర్లు కొనాలి!”

పింఛను వరుసలోంచి ఒక తల ఇటు తిరిగింది. అది దర్జీ అత్తగారిది.

“ఏమన్నాడమ్మా?” అని గుమాస్తా ఆవిడనే అడిగాడు.

దర్జీకి ఒళ్లు మండిపోయింది. ఒకటో తారీఖున, సరిగ్గా పింఛన్ల వేళకు రమ్మన్నది ఈ బావే! తిన్నగా మేనేజరు గదిలోకి దూరి ఫిర్యాదు చేశాడు. మేనేజరు గుమాస్తాను పిలిపించి, “షేర్ల అప్పు పోయిన నెల ఒక్కటీ ఇవ్వలేదేం?” అని మెల్లగా అడిగాడు.

అది వినిపించింది.

“వీడు కుట్టుమిషను కొంటానంటే ఇద్దరు జామీనుదార్లు కావాలన్నాం. జూదానికైతే ఒక్క సంతకానికి ఇచ్చేస్తామా? పోతే తట్టుకోగలవా అని ఎవడినైనా అడిగామా సార్? మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి వెలిగేంత వరకే అప్పు అని రూలు పెట్టండి. ఆ రోజే నా చెవులు బాగవుతాయి!”

బ్యాంకు రూలు పెట్టలేదు, చెవిమిషను పెట్టించింది. రూలు పెడితే వడ్డీ రాబడి తగ్గుతుంది, చెవిమిషను ఖర్చయితే జీతంలో కోసుకోవచ్చు. గుమాస్తా దాన్ని బుద్ధిగా తగిలించుకున్నాడు. బ్యాటరీ మాత్రం సొరుగులో పడేశాడు.

దర్జీ అలిగి మాట్లాడటం మానేశాడు. అంతలో మార్కెట్ కుప్పకూలింది. అతను కొందామనుకున్న షేరు పావు వంతుకు దిగింది. ఆ మధ్యాహ్నం బ్యాంకు గుమ్మం దగ్గరే ఆగి, ఎవరికీ వినపడకుండా, “తప్పయింది బావా” అని గొణిగాడు.

హాలు అవతలి చివర, కాగితాల్లోంచి తలెత్తకుండానే గుమాస్తా అన్నాడు: “సర్లేరా, నా ప్యాంటు ఎప్పుడిస్తావ్?”

చెవిమిషను బాపతు ఇంకా ఏడు వాయిదాలు బాకీ.