మూతకు వేసిన రంగు

ఆసుపత్రి తోటలో గడ్డి కోసే బండి నడిపే పెద్దాయనను అందరూ డ్రైవర్ బాబాయి అనేవారు. కూర్చుని నడిపే ఆ బండంటే ఆయనకు ప్రాణం. అలాంటిది, ఆ వారం అది కాసేపు నడిచి ఉక్కిరిబిక్కిరై ఆగిపోసాగింది. ఆయన పెట్రోలు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. అయినా బండి మొండికేసింది.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన భార్య ఆయన వాలకం చూసి నవ్వాపుకుంది.

"ఏమండీ, ఇంతకీ ఇందులో పెట్రోలుందా?" అంటూ ట్యాంకు మూత తిప్పింది. గాలి బుస్సుమని లోపలికి పోయింది.

ఆయన ఉలిక్కిపడి తాళం తిప్పితే బండి ఠక్కున అందుకుంది. మూత తీసి చూస్తే, గాలి ఆడాల్సిన సన్నని రంధ్రం ఎర్రరంగుతో పూడిపోయి ఉంది. గాలి అందక పెట్రోలు దిగడం మానేసిందన్నమాట.

"ఈ రంగెవరు పూశారు?" అడిగిందామె.

"నేనే. మొన్న ముచ్చటపడి వేశాను," అన్నాడాయన తల గోక్కుంటూ.

"ముస్తాబు చేసి ఊపిరాడకుండా చేశారా, పాపం!" అంటూ ఆమె సంచిలోంచి పిన్నీసు తీసిచ్చింది. ఆయన దానితో రంధ్రం తెరిచాడు.

సాయంత్రం దాకా బండి మళ్లీ ఆగలేదు. మలుపు తిరిగినప్పుడల్లా ఆయన బెంచీ మీది భార్యకేసి చూసి, హారన్ లేని ఆ బండికి నోటితోనే హారన్ కొట్టాడు.