చేటలో ఆగిన చెయ్యి

బడిలో నేను చరిత్ర పాఠం చెప్పేది ఉర్దూలో. ఈజిప్టును మిసర్ అని, గ్రీసును యూనాన్ అని నేను గొంతు చించుకుంటుంటే వెనక బెంచీల వాళ్లు హాయిగా కునుకు తీసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. గద్వాల పిల్లలకు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, పుస్తకంలో ఉర్దూ. వాళ్లననేం లాభం? అందుకే ప్రాచీన ప్రపంచం గురించి తెలుగులో ఒక పుస్తకం రాయాలని పట్టుబట్టాను. హైదరాబాదులో ఒకాయన అచ్చు వేస్తానన్నాడు. "పండితులకు వద్దు, ఇంట్ల ఆడోళ్లకు అర్థం కావాలె" అని ఒక్కటే షరతు పెట్టాడు.

ఇంట్లో ఆడవాళ్లంటే నాకున్నది నా భార్య ఒక్కతే. బడి మొహం చూడలేదు. ఒక నేతవాళ్ల ఇంట్లో ముందరి గదుల్లో అద్దెకుండేవాళ్లం. వెనక మగ్గాలు ఆడుతుండేవి. బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చుని రాసింది చదివేవాణ్ణి. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వినేది. అర్థం కాలేదని నోటితో అనేది కాదు, మర్యాద. చేటలో చెయ్యి ఆగిపోయేది, అంతే. అక్కడ గీత పెట్టుకుని ఆ వాక్యం మళ్లీ రాసేవాణ్ణి. మొదట్లో ఎంత చిరాకో! నా గ్రాంథికమంతా ఆ చేట దగ్గర చిత్తయిపోయింది.

"ఇగో, గా నైలు మన కృష్ణ లెక్కనేనా? వానకాలం పొంగుతదా?"

"అచ్చం గట్లనే."

"మరి గట్లనే రాయుండ్రి. గింత తిప్పుడెందుకు?"

ఒక్క అధ్యాయం మాత్రం ఆమెకు చదవకూడదనుకున్నాను. ఈజిప్టులో పసిపిల్లల సమాధుల గురించినది. నాగర్‌కర్నూలులో ఉండగా మా పాప పోయింది. అప్పుడప్పుడే పాకుతోంది. జ్వరం చూస్తుండగానే ముదిరింది, దవాఖానకు పోయినా దక్కలేదు. పసివాళ్లను కాల్చరు, పూడుస్తారు. తల్లిని అక్కడికి రానివ్వరు. ఆమె తన పెళ్లినాటి చీర చింపి చుట్టి ఇస్తే నేనే రెండు చేతుల మీద మోసుకుపోయాను. తిరిగొచ్చాక పెద్దవాళ్లు "ఇగ గా ముచ్చట ఎత్తకుండ్రి" అన్నారు. ఎత్తలేదు. ఉద్యోగం మారి గద్వాల వచ్చినా ఎత్తలేదు. కన్నబిడ్డ పేరు ఇంట్లో పలకకుండా ఇద్దరం ఎట్లా బతికామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ అధ్యాయం దాటేసి తర్వాతిది ఎత్తుకున్నాను. ఆమె పట్టేసింది.

"నడుమ ఏదో ఇడిచిపెట్టిన్రు."

"ఏం లేదు."

"లేకుంటె నిన్న ఇండ్లు కట్టుడు చెప్పి, ఇయ్యాల యుద్ధంల తేలుతరా? చదవుండ్రి."

తప్పలేదు. కాగితాలు వెనక్కి తిప్పి చదివాను. ఒక చిన్న సమాధిలో, పాప చేతి పక్కన, తల్లి పెట్టిన మట్టిబొమ్మ ఒకటి దొరికిందన్న చోట చేటలో చెయ్యి ఆగింది. అలవాటు కొద్దీ గీత పెట్టబోయాను.

"అర్థం కాలేదా?"

"అయింది."

చెయ్యి కదల్లేదు. బియ్యం వైపే చూస్తూ అంది: "నేను గిలక్కాయ పెట్టిన."

"ఏడ?"

"బిడ్డను సుట్టిన బట్టల. అత్తమ్మ చూస్తె తీసేస్తదని కొంగుల దాసి తెచ్చిన. మీరు ఎత్తుకపోయేటప్పుడు దాని చేతి కాడ్నే ఉండె. ఒక్కతే పోతది గద, ఏడుపొస్తె..."



అయ్యో, నా చేతుల మీదే మోశానే దాన్ని! వేల ఏళ్ల కిందటి తల్లులు బిడ్డల పక్కన ఏమేం పెట్టారో క్లాసులో చెప్పేవాణ్ణి, నా చేతుల్లో ఉన్నదేమిటో నాకు తెలియదు. అరుగు మీదే ఏడ్చాను. దారిన పోయేవాళ్లు చూస్తే చూడనీ అనుకున్నాను. ఆమె కొంగుతో ముందు నా మొహం తుడిచి, తర్వాత తన మొహం తుడుచుకుంది.

కాసేపటికి కాగితాల వైపు చూసి అడిగింది: "బొమ్మ గురించి రాసిన్రు. గా తల్లి గురించి ఏం రాయలేదేంది?"

"ఆమె సంగతి ఎవరికీ తెల్వదు. పేరు గూడ దొరకలె."

"తెల్వకుంటె నన్నడుగుండ్రి."

చేట పక్కకు జరిపి ఆమె ఎదురుగా కూర్చున్నాను. మా పాప పేరు పైకి పలికి, అడగడం మొదలుపెట్టాను.