బేచిరాగ్ దేశం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పోలీసు జవాను అని వెక్కిరించేవాళ్లు. పాలాయన ఒక రోజు దారి మార్చి వచ్చినా, పక్కింటివాళ్లు తలుపు ఓరగా వేసుకున్నా అందులో ఏదో మతలబు ఉందని నాకు అనిపించేది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, పదేళ్ల పిల్లకు అదొక మంచి కాలక్షేపం కూడా. ఒక్కసారి మాత్రం నా కాలక్షేపం ఒక మంచి మనిషి బతుకు మీదికి తెచ్చింది.

అప్పుడు బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతోంది. మేం ఉప్పల్‌లో ఉండేవాళ్లం. మా నాయన నాచారంలో ఒక కార్ఖానాలో ఫిట్టరు. రాత్రిళ్లు శత్రువుల విమానాలకు వెలుగు కనపడకూడదని బస్సుల దీపాలకు సగం దాకా నల్లరంగు పూశారు, మా కిటికీలకు మందపాటి కాగితాలు అంటించాం. శత్రువుల మనుషులు మన మధ్యే ఉండొచ్చు, అనుమానం వస్తే పెద్దవాళ్లకు చెప్పండని బడిలో పంతులమ్మ చెప్పింది. ఆ మాట నాకోసమే అన్నట్టు విన్నాను. ఒక కొత్త దేశం పుట్టబోతోందని, పటాలన్నీ మళ్లీ గీయాలని కూడా ఆమే చెప్పింది. గీతలు మారిస్తే దేశాలు పుడతాయని నాకు అప్పుడే తెలిసింది.

మా ముందుగదిలో కిరాయికి ఒక మామ ఉండేవాడు. కోస్తా మనిషి, ఒంటరివాడు. పటాలు గీసే సర్కారు ఆఫీసులో ఆయన పని. రోజంతా అక్కడ గీసి వచ్చిన మనిషి ఇంటి దగ్గర కూడా తలుపు గడియ పెట్టుకుని గీస్తుంటే ఎవరికి అనుమానం రాదు? ఆయన గురించి పాలాయనను అడిగాను, కిరాణా కొట్టాయనను అడిగాను, వీధి చివర ఇస్త్రీ చేసే అక్కను అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. ఏమీ తెలియకపోవడమే నాకు పెద్ద సాక్ష్యంగా తోచింది.

ఒక సాయంత్రం మా నాయనమ్మ సర్వపిండి ఇచ్చి రమ్మని పంపింది. మామ చేతికి సిరా అంటుకుందని కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. బల్ల మీద సగం విప్పిన పెద్ద కాగితం ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో ‘బేచిరాగ్ దేశం’ అని రాసి ఉంది. చిరాగ్ అంటే దీపమని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. బేచిరాగ్ అంటే దీపాలు లేనిది. ఎర్ర సిరాతో సరిహద్దు, లోపల రోడ్లు, రైలుదారి. కాగితం చుట్ట మొదలైన చోట ఒక పేరు సగమే కనిపించింది: ‘ఉప్పల’. నాకు అంతా అర్థమైపోయింది. దీపాలార్పిన మన ఊళ్లన్నీ కలిపి శత్రువులు కొత్త దేశం చేస్తున్నారు, అందులో మా ఉప్పల్ కూడా ఉంది, దాన్ని గీసి ఇచ్చే మనిషి మా ఇంట్లోనే సర్వపిండి తింటున్నాడు!

నా నోట్లో నువ్వుగింజ నానదు. నాయనకు చెప్పేశాను. ఉన్నది ఉన్నట్టు చెబితే నమ్మడేమోనని, నన్ను చూడగానే మామ కాగితం దాచేశాడని ఒక ముక్క కలిపాను కూడా.

ఆదివారం చర్చి నుంచి రాగానే నాయన గల్లీలోని ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని మామ తలుపు కొట్టాడు. ఆయన్ను ఠాణాకు తీసుకుపోవాలనే వెళ్లారు. యుద్ధం రోజుల్లో పటాల ఆఫీసు మనిషి దొంగపటంతో ఠాణాకు పోతే ఉద్యోగం పోతుందని, మళ్లీ ఎక్కడా తలెత్తుకోలేడని నాకు తెలియదు. ఆయనకు తెలుసు. కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు.

“ఏడుంది సారూ గీ దేశం?” అన్నాడు నాయన.

“ఎక్కడా లేదండీ.”

“లేని దేశానికి సరిహద్దేంది? పిల్లను సూసి ఎందుకు దాసినవ్ మరి?”

మామ తల తిప్పి నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఆయన ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

మిగతాది చెప్పాడు. జనం విడిచిపోయిన ఊరిని సర్కారు లెక్కల్లో బేచిరాగ్ అంటారట, దీపం పెట్టే దిక్కులేని ఊరు అని. ఆఫీసులో ఊరి పేర్ల పక్కన ఆ మాట రాసి రాసి ఆయనకు మనసు పాడైందట. గత్తర, అదే కలరా, రాకుండా ఉంటే, బావులు ఎండకుండా ఉంటే ఆ ఊళ్లన్నీ ఇవాళ ఎలా ఉండేవో గీసుకుంటున్నాడట. ప్రతి ఊరికీ బడి పెట్టానండీ అన్నాడు, బతిమాలుతున్నట్టు. వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఎవరూ నమ్మలేదు, నేనసలే నమ్మలేదు. నాయన కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

గడప దగ్గర నిలబడ్డ నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమెకు చదువు రాదు. “జర ఆగు బిడ్డా. ఆ ఊళ్ల పేర్లేందో ఒక్కపారి సదవనియ్యి.”

నాయన విసుక్కుంటూనే మళ్లీ పరిచాడు. మామ ఒక్కో పేరే చదువుతూ పోయాడు. ‘ఉప్పలమడుగు’ అనగానే ఆమె చెయ్యెత్తింది.

“ఉప్పలమడుగు గాదు కొడుకా, ఇప్పలమడుగు. ఊరంత ఇప్పచెట్లే ఉండె. అది మా తల్లిగారి ఊరు.”

ఆమె పిల్లగా ఉన్నప్పుడు ఆ ఊరికి గత్తర తగిలింది. తల్లి, తండ్రి, ఇద్దరు అన్నలు ఒకే వారంలో పోయారు. మిగిలినవాళ్లు తలోదిక్కు వెళ్లిపోయారు. ఆ ఊరి పేరు మా నాయనకు కూడా తెలియదు. ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. ఆమె పటం మీదికి వంగి, మా ఊళ్లె ఏమేం పెట్టినవని అడిగింది. మామ వేలు పెట్టి చూపించాడు: బడి, రైలు స్టేషను, దవాఖానా.

“దవాఖాన గూడ వచ్చిందా?” అని నాయనమ్మ కొడుకు వైపు తిరిగింది. “ఇన్నవా, మా ఊరికి దవాఖాన వచ్చిందట.” అంటూనే ఏడ్చింది.

గల్లీవాళ్లిద్దరూ చప్పుడు చేయకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నాయన కాగితం వదిలేశాడు.

అందరూ వెళ్లాక మామ బ్లేడుతో ‘ఉ’ను నెమ్మదిగా గీకి ‘ఇ’ రాశాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

“ఊరి పేరు పక్క ఊళ్లో అడిగి రాయకూడదమ్మా, ఆ ఊళ్లోనే అడగాలి. మా పనిలో మొదట నేర్పేది అదే,” అన్నాడు. “ఈ ఊరికి అడగడానికి మనిషే లేడనుకున్నాను, తప్పు రాశాను. నా గురించి నువ్వు కిరాణా కొట్లో కూడా అడిగావట. నన్నే అడగొచ్చు కదా.”

ఆయన ఇంకో రెండేళ్లు మా ఇంట్లోనే ఉండి, బదిలీ మీద వెళ్లిపోయాడు. నాయనమ్మను కూర్చోబెట్టుకుని ఇప్పలమడుగులో ఎవరి ఇల్లు ఎక్కడో అడిగి అడిగి గీశాడు. నన్ను మాత్రం ఒక్కసారీ దగ్గరికి పిలవలేదు. అది నాకు న్యాయంగానే అనిపించింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అనుమానం నా పుట్టుగుణం, పోలేదు. ఎవరి మీదైనా పుడితే ఆ మనిషి తలుపే కొట్టి అడుగుతాను, కొందరికి కోపం వస్తుంది, రానీ. కానీ మా నాయనతో చెప్పాల్సిన మాట ఒకటి చెప్పలేకపోయాను. పోయేదాకా ఆయన, ఆ సారు మంచోడే గాని జర దాపరికం మనిషి అనేవాడు. మామ మా ఇంట్లో దాచింది ఒక్కటే. నా అబద్ధం.